అప్‌డేట్: పుట సంఖ్యలు లేని ఈ-పుస్తకం సంగతి

కిండిల్‌లో చదివిన పుస్తకానికి పుట సంఖ్యలు లేవు, సిద్ధాంత వ్యాసంలో దాని నుంచి ఉటంకించిన మాటలకు పుట సంఖ్య బదులు ఏమి చూపించాలని పోయిన వారం అడిగాను. చిక్కు తీరింది. కిండిల్ లొకేషన్ అంకెలు (పుట సంఖ్యల బదులు కిండిల్ చూపే స్థాన సంఖ్యలు) వాడవద్దని ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఉల్లేఖన నియమాల పుస్తకం 7వ కూర్పు చెబుతోంది. అధ్యాయం, ఉపశీర్షిక, పేరా సంఖ్యలతో చోటు చూపించవచ్చు. నేను ‘అధ్యాయం 3, పేరా 12’ అని వేశాను. (తెర మీద వేలు పెట్టి లెక్కిస్తే మొదటిసారి 11 వచ్చింది, అది వేరే విషయం!) ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) ఉల్లేఖన పద్ధతిలో అయితే ఇలా మనంతట మనం పేరాలు లెక్కపెట్టి వేయకూడదు. ఆంధ్ర మహాభారత పద్యాలకు మాత్రం ఈ బాధే లేదు: పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య ఇస్తే దాదాపు ఏ ముద్రణలోనైనా వెతుక్కోవచ్చు. గైడు గారి ఎర్ర సిరా ఈసారి ఒక్క చోటే పడింది, కామా మరిచిపోయానట.