కౌన్సెలింగ్‌కు పోయినోళ్లు ఉంటే జర చెప్పుండ్రి

హన్మకొండ కొత్తామె:
అందరికి నమస్తే. మా ఆయన 11 ఏండ్లు మస్కట్‌ల చేసి పోయిన దసరకు ఇంటికచ్చిండు. ఇన్నేండ్లు రెండేండ్లకోపారి నలబై రోజులు సుట్టం లెక్క వచ్చి పోయిన మనిషి, ఇప్పుడు పొద్దంత ఇంట్లనే. డబ్బాలు ఇక్కడెందుకు పెట్టినవ్ అంటడు, బాబు ఫోన్ పట్టుకుంటే తిడతడు. నేనేమన్న అడిగితే బండి తీసుకొని పోతడు, రాత్రి పది దాటినంక వస్తడు. బాబు ఇంటర్. తండ్రి బండి సప్పుడు వినవడితే రూం తలుపు పెట్టుకుంటుండు. మా ఆడిబిడ్డ పెద్దమనుషుల్ల కూసోవెడదామంటుంది. నాకిష్టం లేదు, ఇంటి మాట బజార్ల పడతది. నాతోని పనిచేసే టీచరమ్మ కౌన్సెలింగ్‌కు పోండ్రి అన్నది. అక్కడ ఏం చేస్తరు? మాట్లాడితే ఏం తగ్గుతది? పిచ్చోళ్లని రాస్తరా?

సుబేదారి అక్క:
చెల్లె, మేమిద్దరం ఆరు నెలల్ల 9 సార్లు పోయినం. కౌన్సెలింగ్ చేసేటామె మా ఆయనకు నాలుగు మాటలు గట్టిగ చెప్తదని నా ఆశ. ఆమె ఎవ్వలకు ఏం చెప్పలే. పోయిన ఆదివారం గొడవ ఎట్ల మొదలైంది, మొట్టమొదటి మాట ఎవరిది, దానికి మీరేం చేసిండ్రు అని బియ్యంల రాళ్లు ఏరినట్టు అడిగింది. అడుగంగ అడుగంగ బయటపడ్డదేందంటే, నేను అడుగుత, ఆయన సప్పుడు చేయడు. నన్ను లెక్క చేస్తలేడని ఇంకా గట్టిగ అడుగుత. ఆయనకు అది తిట్టినట్టే ఉంటది, లేచి బయటికి పోతడు. ఆమె కాయితం మీద గుండ్రంగ బాణాలు గీసి మా నడుమ పెట్టి, "మీరిద్దరు కలిసి కొట్లాడాల్సింది దీనితోని" అన్నది. ఆ కాయితం ఇప్పటికి మా బీరువా తలుపుకు లోపట అంటువెట్టి ఉన్నది.

ఇంకోటి చేయించింది. ఒకరు చెప్పాలె, ఇంకొకరు జవాబియ్యకుండ విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలె. అల్కగ కొడతది గని నాకు రాలే. ఆయన "మా అమ్మ పోయిననాడు నువ్వు నా పక్కన కూసోలే" అన్నడు. నేను "40 మంది సుట్టాలకు వంట ఎవరు చేస్తరు" అన్న. ఆపి మల్ల చెప్పమన్నది. మూడోసారికి ఆయన మాట ఆయన మాట లెక్కనే చెప్పిన. చెప్తుంటే నాకే ఏడ్పచ్చింది. నాలుగేండ్ల సంది ఆ మాట కడుపుల పెట్టుకొని తిరుగుతుండని నాకు తెల్వదు.

జగిత్యాల తమ్ముడు:
అక్కా, బావ తరఫున నేను చెప్త. నేను షార్జాల 7 ఏండ్లు చేసి వచ్చినోన్ని. ఇంటికస్తే మనం లేకుండనే ఇల్లు నడుస్తున్నదని తెలుస్తది, ఆ బాధ ఎవ్వలతోని చెప్పుకోలేం. నాకైతే మూడు నెలలకు గుండె దడ, చెమటలు, ఇగ పోతున్న అనిపించుడు. కరీంనగర్‌ల ఈసీజీ, ఎకో తీసి గుండె మంచిగున్నదన్నరు. పానిక్ అటాక్ అని అప్పుడు తెలిసింది.

సైకాలజిస్ట్ నోట్‌బుక్కుల గీతలు కొట్టించిండు: ఏం జరిగింది, మనసుల ఏమనుకున్న, ఒంట్ల ఏమైంది, ఆఖరికి నిజంగ ఏమైంది. రోజు రాయాలె. నాకు బస్సెక్కాలంటే బుగులు. మొదటి వారం బస్టాండుల ఊకె కూసొని రమ్మన్నడు. రెండో వారం గంగాధర దాక పొమ్మన్నడు. "దడ వస్తది, దిగకు, దానంతటదే దిగుతది చూడు" అన్నడు. కిటికి చువ్వ పట్టుకొని కూసున్న. పావు గంటకు దిగింది. నెలన్నరకు ఒక్కన్నే కరీంనగర్ పోయి వచ్చిన. కొన్ని నెలలు గోలీలు గూడ వాడిన. గోలీలు రాసేది సైకియాట్రిస్ట్, ఆయన ఎంబీబీఎస్ చదివిన డాక్టర్. మాట్లాడి నేర్పేది సైకాలజిస్ట్. నాకు ఇద్దరు పనికొచ్చిండ్రు.

సైకాలజీ పీజీ:
అన్న చేసింది సీబీటీ, అంటే మనసుల అనుకునేది, చేసేది మార్చుకునుడు నేర్పే మాటల వైద్యం. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ 1960లల్ల మొదలుపెట్టిండు. జరిగినదానికి మనం మనసుల అప్పటికప్పుడు చెప్పుకునే అర్థమే సగం బాధ పెడతదని ఆయన పట్టుకున్నడు. వారానికోసారి 45 నుంచి 60 నిమిషాలు, ఎక్కువ మందికి 8 నుంచి 20 సార్లు. ఏండ్లకేండ్లు తిరుగుడు అందరికి అవసరం రాదు. అక్కా, పిచ్చోళ్లని ఎవ్వరు రాయరు. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది, అందుల 23వ సెక్షన్ మీ విషయాలు గోప్యంగ ఉంచాలంటది. ప్రాణం మీదికి వచ్చే సందర్భం లాంటి కొన్ని మినహాయింపులు ఉంటయి, అవి ముందే చెప్పమని అడుగుండ్రి.

నక్కలగుట్ట అమ్మ:
మా పెద్దోడు కాలేజీ బంద్ చేసి ఇంట్ల కూసున్నడు. వాన్ని బాగు చేయమని కౌన్సెలర్ దగ్గరికి తీసుకపోతే, నాయినమ్మతో సహా అందరు రావాలె అన్నది ఆమె. పోయినం. వాడు నాకు, వాళ్ల డాడీకి నడుమ కూసున్నడు. ఏదడిగినా ముందుగాల నా మొకం చూసి మాట్లాడుతుండు. పది నిమిషాలు గమనించి ఆమె లేచి వాన్ని కిటికి దిక్కు కుర్చీల కూసోమన్నది, మా ఇద్దరిని పక్కపక్కన జరగమన్నది. గంతే చేసింది. మేం ఆయనకు నాకు ఉన్న అప్పుల పంచాయితి అంతా వాని మీదికెళ్లి మాట్లాడుకుంటున్నమని ఆ కుర్చీల ఎరుకైంది. నాయినమ్మ ఊకుంటదా, "నేను రోజు చూస్తనే ఉన్న" అన్నది. వాడు రెండు నెలలకు కాలేజీకి పోయిండు. మార్కులు ఇంకా తక్కువనే, కని పొద్దుగాల లేస్తుండు.

సైకాలజీ పీజీ:
కుర్చీలు మార్చుడు సాల్వడార్ మినూచిన్ పద్ధతి. అర్జెంటీనాలో పుట్టినాయన, అమెరికాలో బీద కుటుంబాలతోని పనిచేసిండు, 1974ల పుస్తకం రాసిండు. పిల్లగాని లోపం ఒక్కటే చూడకుండ ఇంట్ల ఎవరు ఎవరి వైపు ఉన్నరో చూస్తడు.

మంచిర్యాల నుంచి:
నా అనుభవం చెడ్డది, అది గూడ తెల్వాలె. నేను పోయినామె అరగంటల "సర్దుకపో బిడ్డా" అని పంపింది. నేను చెప్పినయి రెండో వారం మా అత్తమ్మ నోట్ల విన్న. కడుపు మండింది. ఏడాది మల్ల ఎవ్వల దగ్గరికి పోలే. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటది, నంబర్ అడుగుడు తప్పు కాదు. రెండు మూడు సార్లకు మనసు కలవకపోతే వేరేటోళ్లను చూసుకోండ్రి. ఇంకోటి, ఇంట్ల చెయ్యి చేసుకునుడు ఉంటే ఇద్దరిని కలిపి కూసోవెట్టే కౌన్సెలింగ్ ముందుగాల వద్దు. అక్కడ నిజం చెప్తే ఇంటికాడ దెబ్బలు పడతయి. ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలె, లేకుంటే దెబ్బలు తినే ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పోవాలె.

పరకాల పత్తి రైతు:
పైసలు లేనోళ్ల మాట గూడ రాస్తున్న. మా తమ్ముడు రెండేండ్ల కింద చావబోయిండు, దేవుని దయ దక్కిండు. పోలీస్ కేసైతదని దవాఖానల అసలు మాట చెప్పనీకి భయపడ్డం. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నడనే అనుకోవాలె, శిక్షించొద్దని తర్వాత తెలిసింది. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక విభాగానికి తీసుకపోయినం. ఇంటికాడ రాత్రిపూట రంది ఎక్కువైతే 14416కు చేసేటోడు. అది సర్కారోళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్‌ల వచ్చింది, పైసలు లేవు, తెలుగుల మాట్లాడతరు, రాత్రి పగలు ఎత్తుతరు. కౌన్సెలింగ్ అప్పు తీర్చదు, అబద్ధం చెప్ప. సావుకారి దగ్గరికి మేం ఇద్దరం కలిసి పోయి గడువు అడిగినం. ఒక్కడే మోసుడు మానిండు, అది మాత్రం ఆ మాటలతోనే అయ్యింది.

హన్మకొండ కొత్తామె:
మూడు వారాల తర్వాత రాస్తున్న. అందరికి దండం. ఆయనకు "నీకు బాగలేదు" అనలే, "నాకు చాతనైతలేదు, తోడు రా" అన్న. వచ్చిండు కని లోపటికి రాలే, బండి మీదనే కూసున్నడు. ఆఖరి పది నిమిషాలు వచ్చిండు. కౌన్సెలింగ్ చేసేటామె గొడవల సంగతి అడుగలే. "మస్కట్‌ల పొద్దుగాల లేచి మొదట ఏం చేసేటోళ్లు" అన్నది. "నాలుగు గంటలకు లేచి రూంల ఆరుగురికి చాయ్ పెట్టేటోన్ని" అన్నడు. ఎన్ని చెంచాల చాయ్‌పత్తి, ఎంత పాలపొడి, ఎవరికి చక్కెర వద్దు, అన్ని చెప్పిండు. ఇంత మాట్లాడంగ నేను చూసి ఎన్నేండ్లైందో.

తెల్లారి ఆయనే చాయ్ పెట్టిండు. తనకు చక్కెర వేసుకోలే. ఎనిమిది నెలల సంది నేను రెండు చెంచాలేసి ఇస్తున్న, ఒక్కనాడు వద్దనలే.

గొడవ మాత్రం మొన్న మల్ల అయ్యింది, ఫోన్ మీదనే. బండి తీసిండు గని గంటల వచ్చిండు. శనివారం రెండోసారి పోతున్నం. నక్కలగుట్ట అక్కా, బాబును ఇప్పుడే తీసుకపోవాల్నా, ఇంకో రెండు సార్లు మేమిద్దరమే పోయినంకనా? నువ్వేం చేసినవో చెప్పు.