వైడాల్ పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అనుకోవలసిందేనా?

పాకాల రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా నాన్నకు 58 ఏళ్లు. జ్వరం మొదలై ఈ రోజుకు ఆరు రోజులు. రెండో రోజే దగ్గర్లోని ల్యాబులో టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష చేయించాం. ‘ఓ’ 1:160, ‘హెచ్’ 1:80 అని వేసి, కింద ఎర్ర సిరాతో పాజిటివ్ అని రాసి రెండు గీతలు కొట్టి ఇచ్చారు. టైఫాయిడ్ అని మూడు రోజులుగా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేస్తున్నారు. జ్వరం 103 నుంచి దిగడం లేదు. తల పగిలిపోతోందంటున్నారు. ప్లేట్‌లెట్లు 92 వేలు. జ్వరానికి పది రోజుల ముందు మామిడితోటలో కలుపు తీయిస్తూ ఆయనా దిగి గడ్డి కోశారు. ఈ వైడాల్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

స్వర్ణముఖి:
నమ్మకండి. అది 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ ఎప్పుడో వచ్చి పోయినవాళ్లు, వచ్చినట్టు కూడా తెలియనివాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. జబ్బుతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న పాత యాంటీబాడీలు ఒంట్లో మిగిలే ఉంటాయి. ఆ ‘ఓ’, ‘హెచ్’ అంకెలు లెక్కకట్టేది వాటినే. వేరే ఏ జ్వరం వచ్చినా వైడాల్ పాజిటివ్ చూపించవచ్చు. పైగా రెండో రోజు చేయించారు. నిజంగా టైఫాయిడే అయినా యాంటీబాడీలు తయారు కావడానికి వారం పడుతుంది. రెండో రోజున ఆ పరీక్ష ఏం చూసిందో దేవుడికే తెలియాలి.

గడ్డి కోశారన్నారు, ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు. గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, స్క్రబ్ టైఫస్, దాని గురించి ఎవరైనా అడిగారా? అదే అయితే సెఫ్ట్రియాక్సోన్ ముప్పై రోజులు వేసినా ప్రయోజనం ఉండదు. ఆ సూక్ష్మజీవి మన కణం లోపల దూరి కూర్చుంటుంది, ఈ మందు దాని జోలికే పోదు.

మైక్రోస్కోప్:
చిత్తూరులో 22 ఏళ్లుగా ల్యాబ్ నడుపుతున్నాను, నా మాట కూడా వినండి. వైడాల్ లోపాలు మాకు తెలియనివి కావు. దాని బదులు ఏం చేయాలో చెప్పండి. బ్లడ్ కల్చర్ అంటారు, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూడడం. అంత గొప్ప కల్చరు కూడా వంద మంది టైఫాయిడ్ రోగుల్లో 40 నుంచి 60 మందినే పట్టుకుంటుంది. ముందే రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగి వస్తే ఆ మాత్రం కూడా దొరకదు. ఫలితానికి రెండు నుంచి ఐదు రోజులు. కూలికి పోయే మనిషి ఐదు రోజులు ఆగుతాడా? సాయంత్రానికి కాగితం చేతిలో పడాలంటాడు. నేను చేయనంటే పక్క సందులోని ల్యాబుకు పోతాడు.

స్వర్ణముఖి:
అంటే పనికిరాదని తెలిసే చేస్తున్నారు. నాకు కావలసిన జవాబు అదే, ధన్యవాదాలు.

అలిపిరి మెట్లు:
మా పిల్లవాడికీ వైడాల్ పాజిటివ్ వచ్చింది. చివరికి డెంగీ అని తేలింది. ఊరికే చెబుదామని.

కోటవీధి మాస్టారు:
అసలు గొడవంతా పేర్లలో ఉంది. టైఫాయిడ్ అంటే ‘టైఫస్ లాంటిది’ అని అర్థం. టైఫస్ గ్రీకు మాట. పొగ, మసక అని చెప్పుకోవచ్చు. జ్వరం తలకెక్కి మనిషికి తెలివి మసకబారడం అన్నమాట. 19వ శతాబ్దం నడిమి దాకా వైద్యులే రెండింటినీ కలగాపులగం చేశారు. మన రోగికి మాత్రం తేడా ఎలా తెలుస్తుంది? స్క్రబ్ అంటే పొదలు కాబట్టి దీన్ని ‘పొదజ్వరం’ అందాం. సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

పాకాల రైతుబిడ్డ:
మాస్టారు గారూ, ఇప్పుడు 102.6 ఉంది. ఏం చేయమంటారు?

స్వర్ణముఖి:
ముందు నాన్నగారి బట్టలు తీయించి మంచి వెలుతురులో ఒళ్లంతా చూడండి. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవి వెనక, మొలతాడు కింద. సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. సాధారణంగా నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికే తెలియదు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే పురుగు పిల్ల కుట్టిన చోటు అది. పెద్ద పురుగు కుట్టదు, పిల్లదశలోనే కుడుతుంది. గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే గట్ల మీద ఉంటుంది.

మైక్రోస్కోప్:
పెచ్చు అందరికీ కనిపించదు. అప్పుడేం చేస్తారు? రక్తంలో స్క్రబ్ యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలీసా చేయించాలి, అవునా? అదీ మొదటి వారం చివరికి గానీ సరిగా తేలదు. సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ ముందే పట్టుకుంటుంది, కానీ పాకాలలో ఎక్కడుంది? వీల్ ఫెలిక్స్ అని ఇంకో పాత పరీక్ష ఉంది, అది చాలా కేసులను జారవిడుస్తుంది. చివరికి మీరూ ఏదో ఒక పరీక్ష దగ్గరికే వస్తారు.

స్వర్ణముఖి:
రాను. అనుమానం గట్టిగా ఉంటే ఫలితం కోసం చూడకుండా, ఆ సూక్ష్మజీవి మీద పనిచేసే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. స్క్రబ్ అయితే మామూలుగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి.

మన చిత్తూరుకు గంట దారిలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు ముందుండి నడిపిన అధ్యయనం 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడు ఆసుపత్రుల్లో, స్క్రబ్ టైఫస్ ముదిరిన దాదాపు 800 మందికి ఏడు రోజులు సిరలోకి మందు ఎక్కించారు. కొందరికి డాక్సీసైక్లిన్, కొందరికి అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్, కొందరికి రెండూ. మరణం, వారానికీ తగ్గని చిక్కులు, ఐదో రోజుకూ దిగని జ్వరం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు రెండు మందులూ కలిపి ఇచ్చినప్పుడు 33 శాతం. ఒక్కో మందే ఇచ్చినప్పుడు 47, 48 శాతం.

మైక్రోస్కోప్:
ఆ వ్యాసం నేనూ చదివాను. మరణాలను విడిగా తీసి చూస్తే మూడు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ఆ ముక్క మీరు చెప్పలేదు.

స్వర్ణముఖి:
చిక్కులు తగ్గాయి కదా. వెంటిలేటర్ మీద మనిషిని ఉంచుకున్న ఇంటివాళ్లను అడగండి, ఒక్క రోజు తగ్గితే ఎంతో.

మైక్రోస్కోప్:
మరణాలు తగ్గలేదు. అంతే నేనన్నది.

అలిపిరి మెట్లు:
2025 డిసెంబరులో పత్రికలన్నీ ఈ జ్వరం గురించే రాశాయి. మన చిత్తూరు జిల్లా పేరు ముందు వరుసలో కనిపించింది. అప్పుడు కూడా మా వీధి ల్యాబులో వైడాల్ కోసం వరుస కట్టారు.

మైక్రోస్కోప్:
స్వర్ణముఖి గారూ, పరీక్ష లేకుండా మందు అంటున్నారే, అది ఎక్కడికి పోతుందో చెబుతాను. టైఫాయిడ్‌కు ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ రామబాణం. ఒళ్లు వెచ్చబడితే చాలు, మందుల షాపులో పిప్పరమెంట్లలా కొనుక్కుని మింగారు. ఇప్పుడు మన దేశంలో టైఫాయిడ్‌కు దాన్ని నమ్ముకోలేం. 2016లో పాకిస్తాన్‌లోని సింధులో బయలుదేరిన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. దాన్ని మనం జలుబుకు వాడుతున్నాం.

మా నాన్నకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కల్చర్ రిపోర్టు నేనే టైపు చేశాను. పన్నెండు మందుల పేర్లు వరుసగా కొట్టి, ఎదురుగా పదింటికి ‘ఆర్’ అని కొట్టాను. ‘ఆర్’ అంటే ఆ మందు పనిచేయదని. కన్నకొడుకు చేత్తో పదిసార్లు. అంతకుముందు ఆయనకు జ్వరం వచ్చినప్పుడల్లా ‘అనుమానం గట్టిగా ఉంది’ అనే మందులు రాశారు. మీకు ఆ వెంటిలేటర్ ఎలాగో, నాకు ఆ కాగితం అలాగ.

స్వర్ణముఖి:
డాక్సీ వేరు, అవి వేరు. మీకు పరీక్షలు కావాలి, ఎందుకంటే మీరు [తొలగించబడింది].

నిర్వాహకుడు:
ఒక మాట తీసేశాను. ఇద్దరూ మర్యాద పాటించండి.

మైక్రోస్కోప్:
తీసేయకముందే చదివాను. రక్తం అమ్ముకుని బతికేవాడినే అనుకోండి. కానీ ఒక మాట అడుగుతాను. వైడాల్ అని చీటీ రాసుకొచ్చేది డాక్టర్లే అనుకుంటున్నారా? నా కౌంటరు దగ్గర పదిమందిలో ముగ్గురు నలుగురు సొంతంగా వచ్చి ‘టైఫాయిడ్ ఉందో లేదో చూడండి’ అంటారు. మీ ఇంట్లో ఎవరికో ఏదో జరిగింది. అదేమిటో చెప్పకుండా మూడు గంటలుగా నా మీద పడ్డారు.

కోటవీధి మాస్టారు:
‘పొదజ్వరం’ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

స్వర్ణముఖి:
చెబుతాను. 2021 కార్తికమాసం. మాది శ్రీకాళహస్తి వైపు పల్లె. అమ్మకు జ్వరం వస్తే మా అన్నే తీసుకెళ్లి వైడాల్ చేయించాడు. మీరన్నట్టే సొంతంగా. పాజిటివ్. సెలైన్లు, ఇంజెక్షన్లు. ఎనిమిదో రోజు ఆయాసం మొదలైతే పెద్దాసుపత్రికి చేర్చాం. అక్కడ పీజీ చదివే డాక్టరమ్మాయి వచ్చీ రాగానే అమ్మ చీర సడలించి చూసింది. కుడివైపు, లంగా బొందు బిగించే చోట, కందిగింజంత నల్లటి పెచ్చు. ‘ఇది ఎన్నాళ్ల నుంచి ఉంది?’ అని అడిగింది. నేను తెలియదన్నాను. మర్నాడు అమ్మ పోయింది.

తెలియదన్నది అబద్ధం. నాలుగో రోజు ఒళ్లు తుడుస్తూ చూశాను. బొందు ఒరుసుకుని పుండు పడిందనుకుని కొబ్బరినూనె రాశాను. ఎదురుగా గూట్లో పాజిటివ్ అన్న కాగితం ఉంది. జబ్బు పేరు తెలిసిపోయింది కదా, ఇంక వెతకడమెందుకు అనుకున్నాను.

అలిపిరి మెట్లు:
అక్కా.

మైక్రోస్కోప్:
ఇందాకటి మాట నేను పట్టించుకోను, మీరూ మరిచిపోండి. నేను ఇన్నేళ్లుగా సంఖ్య కిందే పాజిటివ్ అని రాసి ఇస్తున్నాను. అలా రాయకపోతే ‘ఉన్నట్టా లేనట్టా’ అని కౌంటరు దగ్గర నిలబడి అడుగుతారు. 1:160 అంటే ఏమిటో చెప్పేలోపు వెనకాల మరో ఆరుగురు. రేపటి నుంచి ఆ మాట రాయను. సంఖ్య వేసి, ‘దీన్నిబట్టి మాత్రమే టైఫాయిడ్ అని నిర్ణయించకూడదు’ అని తెలుగులో ముద్ర చేయిస్తాను. ఎంతమంది చదువుతారో మాత్రం చెప్పలేను. డాక్సీ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

స్వర్ణముఖి:
నాదీ మారలేదు.

పాకాల రైతుబిడ్డ:
మధ్యాహ్నమే నాన్నను తిరుపతి తీసుకొచ్చాం, ఇప్పుడే మీవన్నీ చదివాను. ఇక్కడ మొలతాడు కూడా పక్కకు జరిపి చూశారు. నల్లటి పెచ్చు ఎక్కడా లేదు. రక్తం తీసి కల్చర్‌కు, ఎలీసాకు, డెంగీకి, మలేరియాకు పంపారు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఎలీసా ఫలితం రేపు వస్తుందట.

మైక్రోస్కోప్:
పరీక్షలన్నీ పంపారు కదా. మంచిది.

స్వర్ణముఖి:
ఫలితం రాకముందే మందు వేశారు కదా. చాలా మంచిది. రాత్రికి ఆయాసం ఏమైనా వస్తోందేమో చూస్తూ ఉండండి నాయనా, వస్తే వెంటనే సిస్టర్‌ను లేపండి. మొహమాటపడవద్దు.

పాకాల రైతుబిడ్డ:
అలాగేనండీ. వార్డులో ఛార్జింగు పెట్టుకునే చోటు లేదు, ఫోను ఆఫ్ చేస్తున్నాను.