అప్‌డేట్: ఆ కార్టూన్ పేరు దొరికింది

న్యూయార్క్ మాఫియా కుటుంబం పేర్లు మార్చుకుని కెనడాలో దాక్కునే కార్టూన్ పేరేంటని పోయిన వారం అడిగాను కదా, దొరికింది! 'ఫగెట్ అబౌట్ ఇట్'. 2012లో కెనడా టీవీ ఛానెల్ టెలిటూన్‌లో మొదలైంది. "ఊరు రెజీనా అయ్యుంటుంది" అని మీలో ఒకరు చెప్పిన ముక్కతోనే పట్టుకున్నాను. చాలా థ్యాంక్సండీ.

రాత్రి కూర్చుని మళ్ళీ చూశాను. నిన్నటిదాకా ఊరినే వణికించిన ఆ కుటుంబ పెద్ద జిమ్మీ ఫాల్కోన్, రెజీనా ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో మెక్‌డూగల్ అనే పేరుతో పక్కింటివాళ్ళకి మర్యాదగా నవ్వాలి. పైన మౌంటీ (కెనడా జాతీయ పోలీసు) మెకూల్ కాపలా ఒకటి! సొంత పేరు కూడా పైకి చెప్పుకోలేని ఆ అవస్థే నాకు ఇన్నేళ్ళూ గుర్తుండిపోయింది. బూతులు బాగా ఉన్నాయి, పిల్లల ముందు మాత్రం పెట్టకండి.