వెధవలో ధ ఎక్కడిది?

బరంపురం మాస్టారు: రెండ్రోజులుగా శ్రీనాథుడి పద్యంలో ఒక పాదం నోట్లో నలుగుతోంది. "వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపఁగా" అనే కదా? విశ్వస్త వడ్డిస్తే వెల్లుల్లీ నువ్వుపిండీ తిన్నానంటాడు. విశ్వస్త అంటే విధవ అని మా తాతగారు చెప్పేవారు. మా బావమరిదేమో నమ్మకస్తురాలంటాడు. సరే, తాతగారిదే ఒప్పనుకుందాం. రెండూ ఒకే అర్థమిచ్చే మాటలైనప్పుడు విశ్వస్త పద్యంలో క్షేమంగా ఉండిపోయి, విధవ ఒక్కటే వెధవై మగాళ్ల నెత్తికెక్కడమేమిటి?

జయపురం: మీ తాతగారే నెగ్గారు. అమరకోశం చూడండి, "విశ్వస్తావిధవే సమే", రెండూ ఒకటే అని. బావమరిదికి నా నమస్కారాలు.

పర్లాకిమిడి: అర్థం సరే, ఆ మాటే ఎందుకు వేశాడో చూడండి. అది శార్దూలం. అక్కడ త గణం, అంటే రెండు గురువులూ ఒక లఘువూ కావాలి, విశ్వస్త సరిగ్గా అతుకుతుంది. విధవ మూడూ లఘువులే, న గణం, అక్కడ నిలవదు. పైగా పదమూడో అక్షరం యతిస్థానం. వెల్లుల్లిలో వె, విశ్వస్తలో వి, మైత్రి కుదిరింది. కవిగారు ఊరికే వేయరు.

రాయగడ: అయితే ఇ, ఎ స్నేహం పద్యంలోనే ఉందన్నమాట! విధవ వెధవ కావడానికి ఇంకేం కావాలి? దిశ దెస అయింది, ముఖం మొగం అయింది, కులం కొలం అయింది. విధవ వెధవ కూడా ఆ కోవలోదే.

పర్లాకిమిడి: అక్కడే ఆగండి. ముఖంలో ఖ మొగంలో లేదు. తద్భవమయ్యేటప్పుడు ఒత్తు ఊడాలి. విధవ నోళ్లలో పడి అరిగితే వెదవ కావాలి. మా ఊళ్లో సంతకొచ్చే వాళ్లెవరూ ధ ఒత్తి పలకరు, "వెదవా" అనే అంటారు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది, నోటి మాటకి అన్యాయం చెయ్యలేం. రాసేవాళ్లు మాత్రం ఒత్తు పెడుతున్నారు. ఆ ఒత్తు ఎక్కడిది?

రాయగడ: చదువుకున్నవాడికి మూలం గుర్తుంది కాబట్టి చేతిలో ఒత్తు ఉండిపోయింది. ఇందులో గొడవేముంది?

జయపురం: గొడవ ఉంది. నా ఉద్దేశంలో దానికీ విధవకీ చుట్టరికమే లేదు. అచ్చ తెలుగులో వెడఁగు ఉంది, మూర్ఖుడని అర్థం. తిట్టు అక్కడ పుట్టింది, విధవ తర్వాత వచ్చి మీద కూర్చుంది. మగాణ్ని తిట్టడానికి ఆడమాట ఎందుకొచ్చిందన్న మాస్టారి ప్రశ్నకి ఇదొక్కటే జవాబు.

పర్లాకిమిడి: బాబూ, డ ఎప్పుడు ధ అయింది? ఒక్క ఉదాహరణ చూపించండి.

జయపురం: వెధవాయి, బడుద్ధాయి. రెండింటికీ ఒకే తోక.

పర్లాకిమిడి: తోక చూసి తల చెప్పడం మీకే చెల్లింది.

గుణుపురం అక్క: మీ డ, ధలకేటి గానీ, ఈ ఒడిశా బోర్డర్‌లో మాకు రోజూ అయ్యే తంటా వినండి. పింఛను వరసలో మా పెద్దమ్మతో కూర్చున్నాను. ఒరియా గుమస్తా "బిధొబా భత్తా వాళ్లు ఇటు రండి" అని పిలిచాడు. వాళ్లకది కాయితమ్మీద మామూలు మాట, అందులో చెడ్డేమీ లేదు. మా పెద్దమ్మ కర్ర నేలకేసి కొట్టి, "నన్ను వెదవ అంటాడేటి వాడు!" అని లేచిపోయింది. బతిమాలి కూర్చోబెట్టేసరికి ముందరి ఇద్దరు సంతకాలెట్టీసి వెళిపోయారు. ఆవిడే ఇంటికొచ్చాక మనవణ్ని ముద్దుచేస్తూ "ఓరి వెదవా, అన్నం తిన్నావురా" అంది. నాను నవ్వాపుకోలేకపోయాను.

బరంపురం మాస్టారు: అక్కగారూ, నేనడిగింది ఇదే. తిట్టు ముద్దయింది, అయినా పాత అర్థం ఎవరైనా గుర్తుచేస్తే ఒళ్లు మండుతుంది. ఇప్పటి కుర్రాళ్లకి అదీ లేదు. వెధవ ఎండ, వెధవ నెట్‌వర్క్, వెధవ ఉద్యోగం. మనిషి లేడు, మగా ఆడా లేదు, వట్టి విశేషణం మిగిలింది.

రాయగడ: బోడి కూడా ఆ దారినే నడిచింది. గొరిగిన తల, తర్వాత గొరిగించుకున్న మనిషి, ఇప్పుడు "నీ బోడి సలహా". ముండ కూడా అంతే, ముండనం నుంచి వచ్చింది. మనం "ముండాకొడకా" అన్నచోట ఒరియాలో "రాండీ పుఒ" అంటారు. వాళ్ల రాండీ కూడా విధవే. రెండు భాషలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కాబట్టి వెడఁగు, గిడఁగు అక్కర్లేదు. భర్తపోయిన ఆడదాని మీద ఊరికున్న చులకనే తిట్టుగా మారింది. ఆవిడ కొడుకుని తిట్టారు, పోనుపోను అదే మాటతో ఎవణ్నిబడితే వాణ్ని తిట్టారు.

జయపురం: అచ్చు ఒకటైనంత మాత్రాన లోహం ఒకటే కానక్కర్లేదు.

గుణుపురం అక్క: నాకు తోచింది చెప్తాను. మాట చెడిపోయాక మర్యాదకి ఇంకోటి వెతుక్కున్నారు. వితంతువు అలా పైకొచ్చిందేమో. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు చేయించిన మొదటి పెళ్లిని ఇప్పుడు అందరూ వితంతు వివాహమనే రాస్తారు. విధవ అని రాస్తే చదివేవాళ్లు మొహం చిట్లించరూ!

పర్లాకిమిడి: తంతువు లేనిది వితంతువు. అందమైన మాటే, అదీ ఎన్నాళ్లుంటుందో. అన్నట్టు మాస్టారూ, మీ పద్యంలో అసలు అవమానం విశ్వస్త కాదు, వెల్లుల్లి. కన్నడ రాజ్యంలో కుల్లాయి పెట్టుకుని, కూర్పాసం తొడుక్కుని, వెల్లుల్లి తిని, చల్లా యంబలి తాగి "దయలేదా నేను శ్రీనాథుఁడన్" అన్న మనిషికి వడ్డించిందెవరన్నది ఏపాటి?

బరంపురం మాస్టారు: ఎందుకు కాదు? ఆ కాలపు బ్రాహ్మడికి విశ్వస్త ఎదురొస్తేనే అపశకునం, అలాంటిది ఆవిడ వడ్డన. కుల్లాయితో మొదలెట్టి మెట్టు మెట్టుగా దిగుతున్నాడాయన.

రాయగడ: చాటువు కదా, నోటినోటా వచ్చిన విడి పద్యం, శ్రీనాథుడిదేనని నమ్మకమేమిటి?

జయపురం: అది మొదలెట్టకండి, తెల్లారిపోతుంది.

పర్లాకిమిడి: చల్లా యంబలి అంటే చల్లా, అంబలీ విడివిడిగానా, చల్ల కలిపిన అంబలా?

గుణుపురం అక్క: మా ఇంట్లో కలిపే తాగుతాం.

పర్లాకిమిడి: మీ ఇల్లు ప్రమాణమే అక్కా. జయపురం వారూ, డ ధ అయిన ఉదాహరణ ఇంకా బాకీ ఉంది.