లూబెక్ హోల్‌స్టెన్‌టోర్: బయట ఫొటోతో సరిపెట్టుకోవచ్చా, లోపలికి వెళ్లాలా?

హాంబర్గ్ కోడలు:
నమస్కారమండీ. వచ్చే నెల మా అమ్మానాన్నలు నెల్లూరు నుంచి హాంబర్గ్ వస్తున్నారు. ఒకరోజు లూబెక్ తీసుకెళ్దామని అనుకుంటున్నాం. నాన్న ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. పాత కట్టడం కనిపిస్తే పునాది దగ్గర్నుంచి చూస్తే గానీ కదలరు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అక్కడి పాత నగర ద్వారం హోల్‌స్టెన్‌టోర్‌కి టికెట్ కొని లోపలికి వెళ్లేంత విషయం ఉందా? వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ట్రావె గట్టు:
లూబెక్‌లోనే ఉంటాను కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ నాన్నగారిని తప్పకుండా తీసుకురండి. ఆ ద్వారాన్ని 1464లో మొదలుపెట్టి 1478లో పూర్తి చేశారు. ట్రావె నది పక్కన బురద నేల మీద అంత ఇటుక బరువు పెడితే ఏమవుతుందో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. కడుతుండగానే దక్షిణం వైపు బురుజు ఒరగడం మొదలైంది. కడుతూనే ఆ వంపు సరిచేయాలని చూశారు గానీ కుదర్లేదు. ఇప్పటికీ కంటికి తెలిసిపోతుంది. కింది అంతస్తు ఫిరంగి కంతలు ఇప్పుడు నేలమట్టానికి అర మీటరు కిందున్నాయి. 1933-34లో ఉక్కుతో బిగించి కట్టాక గానీ నిలకడ రాలేదు.

జనం స్టేషన్ నుంచి వచ్చి, పచ్చిక దగ్గర ఇనుప సింహాలతో సెల్ఫీ తీసుకుని (ఒకటి నిద్రపోతుంటుంది, ఇంకొకటి మేలుకుని ఉంటుంది) నేరుగా ఊళ్లోకి వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ద్వారం దాటి వెనక్కి తిరిగి చూడాలండీ! శత్రువు వచ్చే బయటి వైపు గోడ మూడున్నర మీటర్ల మందం, కిటికీలు నామమాత్రం. ఊరి వైపు గోడ మీటరు కూడా ఉండదు, ఆ మొహం నిండా కిటికీలే. బయటివాడికి బెదిరింపు, ఊళ్లోవాళ్లకి దర్జా. ఇంతా చేసి ఇక్కడి ఫిరంగులు యుద్ధంలో ఒక్కసారి కూడా పేలలేదు.

దీన్నీ కూల్చేద్దామనుకున్నారు. దీని ముందున్న ఇంకో ద్వారాన్ని 1853లో రైలు కోసం పడగొట్టేశారు. 1863లో దీని వంతు వస్తే, నగర సభలో ఒక్క ఓటు తేడాతో బతికిపోయింది. తర్వాత జర్మనీ పాత కరెన్సీలో 50 మార్కుల నోటు మీదికెక్కింది. 2006 నాటి 2 యూరోల నాణెం మీద కూడా ఉంది, మీ చిల్లరలో వెతకండి.

లోపలి మ్యూజియం ఊరి వ్యాపారం గురించి, ఓడల గురించి. బావుంటుంది, కానీ మెట్లెక్కాలి, అవి సన్నటి మెలికల మెట్లు. అమ్మగారిని ఎక్కించకండి. నాన్నగారు లోపల ఉన్నంతసేపు ఆవిడని సెయింట్ పెట్రి చర్చి గోపురానికి తీసుకెళ్లండి, రెండడుగుల దూరమే. అక్కడ లిఫ్ట్ ఉంది. 50 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా, ఈ ద్వారంతో సహా కనిపిస్తుంది.

రైలు పిచ్చోడు:
హాంబర్గ్ నుంచి రీజనల్ రైల్లో ముప్పావుగంట. స్టేషన్ నుంచి ద్వారం దాకా నడకే, దారంతా చదునుగా ఉంటుంది. నలుగురికీ కలిపి ష్లెస్విగ్-హోల్‌స్టైన్ (లూబెక్ ఉన్న రాష్ట్రం) టికెట్ తీసుకోండి, హాంబర్గ్‌లో కూడా చెల్లుతుంది. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే ఎక్కాలి. బయటి వైపు మొహం పడమరకి ఉంటుంది కాబట్టి అటు ఫొటోలు తిరుగు ప్రయాణంలో, సాయంత్రం తీసుకోండి.

హాంబర్గ్ కోడలు:
థాంక్సండీ ఇద్దరికీ. ఒరిగిన బురుజు సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను. పునాది లోతెంత, కింద చెక్క దిమ్మెలు దించారా అని ఇప్పట్నుంచే ప్రశ్నలు! అమ్మది ఒకటే ప్రశ్న: అక్కడి మిఠాయి మార్జిపాన్‌లో గుడ్డు ఉంటుందా? ఆవిడ శుద్ధ శాకాహారి.

ట్రావె గట్టు:
అసలు మార్జిపాన్ అంటే బాదం, చక్కెర. నీడరెగ్గర్ కొట్టు పాత టౌన్‌హాల్ ఎదురుగానే ఉంటుంది. కాకపోతే మద్యం కలిపిన రకాలూ అమ్ముతారు, కేకుల్లో గుడ్డు ఉంటుంది. ప్యాకెట్ వెనక చదివి కొనండి. నాన్నగారి ప్రశ్నలు మాత్రం మ్యూజియం వాళ్లకే వదిలేయండి, నా వల్ల కాదు 😄 బయల్దేరే ముందు మ్యూజియం వేళలు వాళ్ల సైట్‌లో చూసుకోండి, చలికాలంలో మారుతుంటాయి.