ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్న బండి కొనొచ్చా?

మియాపూర్_మైలేజ్: సెకండ్‌హ్యాండ్‌లో ఓ జర్మన్ పెట్రోల్ సెడాన్ చూస్తున్నా. తొంభై వేలు తిరిగింది. ఇంజన్ చల్లబరిచే నీళ్లు (కూలెంట్) తిప్పే పంపు బెల్టుది కాదు, ఎలక్ట్రిక్‌దంట. మన ట్రాఫిక్‌లో హీటెక్కుద్దా? వాడినోళ్లు చెప్పండన్నా.

పాతపానా: ట్రాఫిక్‌కి ఇదే నయం తమ్ముడూ. బెల్టు పంపు ఇంజన్ ఎంత తిరిగితే అంతే. ఐడిలింగ్‌లో నీరసం, హైవే మీద అక్కర్లేకపోయినా జోరు. ఎలక్ట్రిక్ దాన్ని ఎంత స్పీడులో తిప్పాలో వేడిని బట్టి ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, చూసుకుంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో దాదాపు తిరగనే తిరగదు, అందుకే ఇంజన్ తొందరగా వేడందుకుంటుంది. టర్బో ఉంటే బండి ఆపాక కూడా కాసేపు గుయ్‌మంటది, కంగారుపడకు. బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్‌లో 2004లోనే వచ్చింది ఇది.

డాలస్_బాబాయ్: మాది 2010 ప్రియస్ హైబ్రిడ్. ఇంజన్‌కి అసలు బెల్టే లేదు, ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుదే.

షెడ్డు_సీను: అన్నీ మంచివే చెప్తున్నారు. బెల్టు పంపు పోయేముందు కాస్త చెప్పి పోతుంది. పంపుకుండే చిన్న లీకు రంధ్రం (వీప్ హోల్) కింద ఎండిన కూలెంట్ చార కనబడుద్ది, బేరింగ్ కీచుమంటది. ఇది చాలాసార్లు కారదు, అరవదు. లోపల మోటారో, సర్క్యూట్ బోర్డో పోతే నడిరోడ్డు మీద డాష్‌బోర్డ్‌లో టెంపరేచర్ ఎర్ర లైటే. అప్పుడు ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగితే వేడికి ఇంజన్ హెడ్ కింద సీలు పోయి ఆ హెడ్ గాస్కెట్ బిల్లు కూడా కడతారు. లక్ష కిలోమీటర్లు దాటితే థర్మోస్టాట్‌తో (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) కలిపి మార్చెయ్యడమే నా సలహా.

పాతపానా: బాగున్న పంపుని ఎందుకు పీకడం సీనూ? స్కానర్ పెట్టి ఈసీయూలో పడ్డ పాత ఫాల్ట్ కోడ్‌లు చూస్తే చాలదా?

షెడ్డు_సీను: కోడ్ పడేలోపే ఆగిపోయినవి చూశానన్నా. ఇంకోటి, పంపు మార్చాక కూలెంట్‌లో చేరిన గాలి తియ్యడం చాలామంది మెకానిక్‌లకి తెలీదు. బీఎండబ్ల్యూల్లో అయితే ఇంజన్ స్టార్ట్ చెయ్యకూడదు. బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ ఫుల్, బ్లోయర్ ఒకటో నంబర్ పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు తొక్కి పట్టాలి. పంపు తనంతట తానే 12 నిమిషాల పాటు తిరిగి గాలి తోసేస్తుంది. బోరు నీళ్లు మాత్రం పొయ్యకండి, ఉప్పు పేరుకుంటది.

మియాపూర్_మైలేజ్: థాంక్స్ అన్నలూ. స్కాన్ చేయిస్తానంటే ఓనర్ ఒప్పుకోవట్లేదు.

డాలస్_బాబాయ్: ఇంకేం, వేరే బండి చూసుకో నాయనా.