రూమ్ ఖాయం కాకుండా మ్యూనిక్ విమానం ఎక్కొచ్చా?

మున్నేరు_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మ్యూనిక్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, వీసా కూడా చేతికొచ్చింది. సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలు, క్లాసులు అక్టోబర్ మధ్యలో. రూమ్ మాత్రం దొరకలేదు. సీటు వచ్చిన రోజే విద్యార్థుల హాస్టల్‌కి అప్లై చేశాను, ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాను.

ఇంట్లో పెద్ద చర్చ నడుస్తోంది. రూమ్ ఖాయమని తేలేదాకా టికెట్ కొనేది లేదంటున్నారు నాన్న. సీనియర్లేమో "ముందు వచ్చెయ్, మా దగ్గర సర్దుకుందాం, ఇక్కడికొచ్చాక వెతుక్కుందువు" అంటున్నారు. ఈ మధ్యలో ఒక వెబ్‌సైట్‌లో ప్రకటన చూసి ఒక ఇంటాయనకు మెయిల్ పెట్టాను. ష్వాబింగ్‌లో ఫ్లాట్, నాకొక్కదానికే, నెలకు 480 యూరోలు. ఆయన ఉద్యోగరీత్యా స్పెయిన్‌లో ఉన్నాడట. రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 1,440 యూరోలు పంపితే తాళాలు కొరియర్ చేస్తానన్నాడు. పాస్‌పోర్ట్ కాపీ కూడా అడిగాడు. రేపు సాయంత్రంలోగా తేల్చమంటున్నాడు. నాన్న ఆ డబ్బు కట్టేద్దామంటున్నారు, కనీసం రూమ్ ఉన్నట్టు ఉంటుంది కదా అని.

మీరైతే ఏం చేస్తారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇసార్_ఒడ్డున:
ముందు ఆ స్పెయిన్ ఆయన సంగతి చూద్దాం. డబ్బు పంపొద్దమ్మా, పాస్‌పోర్ట్ కాపీ అసలే పంపొద్దు. ష్వాబింగ్ మ్యూనిక్‌లో ఖరీదైన పేటల్లో ఒకటి. ఈ ఊళ్లో నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక్క గదికే 700, 800 యూరోలు అడుగుతున్నారు. 480కి ఫ్లాట్ మొత్తం ఎలా వస్తుంది? యజమాని వేరే దేశంలో ఉండటం, ఇల్లు చూపించేవాళ్లు లేకపోవడం, తాళాలు కొరియర్‌లో వస్తాయనడం, రేపటిలోగా తేల్చమనడం... ఈ నాలుగూ ఒకేచోట కనిపిస్తే అది మోసమే. ఇక్కడి చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అసలు అద్దెకు (హీటింగ్ లాంటి ఖర్చులు కలపకుండా) మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాళ్లకు ఉంది. మొదటి వాయిదా కూడా అద్దె మొదలయ్యే రోజుకే ఇవ్వాలి. ఇల్లు చూడకముందే మొత్తం అడిగే మనిషితో మాటలు అక్కడితో ఆపెయ్యి. మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించు.

ఇక అసలు ప్రశ్న. శాశ్వతంగా ఉండే రూమ్ లేకపోయినా విమానం ఎక్కొచ్చని నా అభిప్రాయం. అయితే అడ్రస్ రిజిస్టర్ చేసుకోనిచ్చే చోటు లేకుండా మాత్రం ఎక్కొద్దు. ఈ తేడా మనవాళ్లు ఇక్కడ దిగాక గానీ పట్టించుకోరు.

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. అన్మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఒకటే పేజీ. ఇల్లు ఇచ్చినవాళ్ల పేరు, ఇంటి అడ్రస్, నువ్వు దిగిన తేదీ, నీ పేరు, కింద సంతకం. అంతే ఉంటుంది, కానీ అది లేకపోతే మిగతా పనులు కదలవు. ట్యాక్స్ నంబర్ రిజిస్టర్ అయిన అడ్రస్‌కే పోస్టులో వస్తుంది. వీసా గడువు అయ్యేలోపు నివాస అనుమతి తీసుకోవాలి కదా, ఆ ఆఫీసు వాళ్లు కూడా అడ్రస్ రిజిస్టర్ అయ్యిందా అనే అడుగుతారు. చాలా బ్యాంకులూ ఆ కాగితమే అడుగుతాయి.

ఇంకొకటి. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లు చూసి ఉత్తరాలు వేయరు. కింద పోస్టు డబ్బాల మీద ఇంటిపేర్లు ఉంటాయి. నీ పేరు ఆ డబ్బా మీద లేకపోతే పోస్టుమ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు పిన్ అయినా, ఇన్సూరెన్స్ కార్డయినా అంతే. దిగిన రోజే చిన్న కాగితం మీద ఇంటిపేరు రాసి, ఇంటివాళ్లను అడిగి డబ్బాకి అతికించు.

కృష్ణలంక_తండ్రి:
నేను ఆ అమ్మాయి నాన్నగారి పక్షం. స్పెయిన్ మనిషికి డబ్బు కట్టకూడదన్నదాంట్లో వాదన లేదు, నూటికి నూరుపాళ్లు నిజం. కానీ "వచ్చాక చూసుకుందాం" అనే మాట చెప్పేవాళ్లకు తేలిక.

లెక్క చూడండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేయిస్తారు. అందులోంచి నెలకు బయటికొచ్చేది 992 మాత్రమే. అదీ అక్కడ అకౌంట్ తెరిచాకే. పిల్ల దిగిన నెలలో తాత్కాలికంగా ఉన్న చోటి బిల్లు, ఇన్సూరెన్స్, తిండి, తర్వాత దొరికే రూమ్‌కి అడ్వాన్సు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. అది 992తో అయ్యే పనేనా? మళ్లీ ఇంటి నుంచే పంపాలి. లోన్ మీద వడ్డీ మొదలైపోయిన ఇళ్లలో ఆ అదనపు లక్ష ఎక్కడి నుంచి తెస్తారు?

డబ్బు పక్కన పెడదాం. పిల్ల రెండు సూట్‌కేసులతో, భాష రాని ఊళ్లో, ఈ రోజు ఒక చోట, నాలుగు రోజులకు ఇంకో చోట తిరుగుతూ ఉంటే చదువు మీద మనసు ఎలా నిలుస్తుంది? మా అబ్బాయి వెళ్లేటప్పుడు మేం ఆగాం. రూమ్ ఖాయమయ్యాకే పంపాం. క్లాసులు మొదలైపోయాయి, అయినా ఏమీ మునిగిపోలేదు. సీటును తర్వాతి సెమిస్టర్‌కి మార్చుకోవచ్చేమో కూడా కనుక్కోండి.

ఇసార్_ఒడ్డున:
అంకుల్, సీటు వాయిదా మాట మాత్రం జాగ్రత్త. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో సీటు దాచి ఉంచరు, మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోవాల్సిందే. వీసా కూడా ఈ సీటు మీద వచ్చిందే. ఆలస్యంగా రావడం వేరు, వాయిదా వేరు. లెక్చర్లకు చాలా కోర్సుల్లో హాజరు తీసుకోరు, కాబట్టి రెండు వారాలు పోయినా అందుకోవచ్చు. ల్యాబ్‌లు, సెమినార్లు ఉంటే మాత్రం మొదటి క్లాసుకు రాకపోతే పేరు తీసేసే ప్రమాదం ఉంది. కోర్సు ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగాలి.

మీ డబ్బు లెక్క మాత్రం పక్కా. బ్లాక్డ్ అకౌంట్ కాకుండా కనీసం రెండు వేల యూరోలు ఫారెక్స్ కార్డులో లేకుండా మ్యూనిక్ రావొద్దని నేనూ చెబుతాను.

ఎల్బే_తమ్ముడు:
నేను మాగ్డెబర్గ్‌లో ఉంటాను. ఇక్కడైతే ఈ ప్రశ్నకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. తూర్పు వైపు ఊళ్లలో, కెమ్నిట్స్ అయినా మాగ్డెబర్గ్ అయినా, అద్దెలు మ్యూనిక్‌లో సగం కూడా ఉండవు, హాస్టల్ గది కూడా త్వరగానే దొరుకుతుంది. కాబట్టి ఇది చదివేవాళ్లు "జర్మనీ" అని ఒకే గాటన కట్టేయకండి. వేరే ఊరికి వెళ్లేవాళ్లు మ్యూనిక్ భయాలు పెట్టుకుని టికెట్లు ఆపుకోవద్దు.

గార్షింగ్_రూమ్‌మేట్:
సీనియర్ల తరఫున నేను మాట్లాడతాను. మేమంతా అలాగే వచ్చాం. ఎయిర్‌పోర్ట్‌కి ఎదురొచ్చి, సిమ్ ఇప్పించి, మొదటి రాత్రి వేడన్నం పెట్టేవాళ్లు ఉంటే సగం భయం పోతుంది. నేల మీద పరుపు వేసుకుని పడుకుంటే తప్పేముంది? ఇక్కడ రూమ్ ఇచ్చేవాళ్లు మనిషిని చూసి, మాట్లాడి ఇస్తారు. నలుగురుండే ఇంట్లో ఒక గది ఖాళీ అయితే మిగతా ముగ్గురు కూర్చోబెట్టి అరగంట మాట్లాడతారు: వంట చేస్తావా, బాత్‌రూమ్ కడుగుతావా, రాత్రిళ్లు ఎంతసేపు మేలుకుంటావు, ఇవే ప్రశ్నలు. ఖమ్మంలో కూర్చుని వంద మెయిళ్లు పెట్టినా జవాబు రాదు. ఊళ్లో ఉన్నవాళ్లకే పిలుపొస్తుంది. ముందు వచ్చేయాలనేది అందుకే. అడ్రస్ సంగతంటారా, సీనియర్ అడ్రస్ మీద రిజిస్టర్ చేసుకుని తర్వాత మార్చుకోవచ్చు. చాలామంది చేసేదే.

డాన్యూబ్_అక్క:
ఆ చివరి మాట దగ్గర ఆగాలి తమ్ముడూ. నిజంగా ఉండని ఇంటి అడ్రస్ మీద రిజిస్టర్ చేయించడం ఇక్కడ చట్టవిరుద్ధం. అడ్రస్ ఇచ్చినవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలుంది. కొందరు డబ్బు తీసుకుని అడ్రస్‌లు "అమ్ముతున్నారు" కూడా. కొత్తగా వచ్చిన పిల్లలు ఈ ఊబిలో దిగొద్దు. నివాస అనుమతి కోసం వెళ్లినప్పుడు ఇలాంటివి మెడకు చుట్టుకుంటాయి.

నిజంగా ఆ గదిలోనే ఉంటున్నప్పుడు కూడా చిక్కుంది. విద్యార్థుల హాస్టల్ గది ఒక్కరి పేరు మీద ఇస్తారు. చుట్టం నాలుగు రోజులుంటే ఎవరూ ఏమీ అనరు. వారాల తరబడి ఇద్దరు ముగ్గురు ఉంటున్నారని తెలిస్తే గది ఇచ్చిన సీనియర్ కాంట్రాక్టే పోతుంది. సాయం చేసిన పాపానికి వాడు రోడ్డున పడాలా? నేను ఉల్మ్‌లో ఉంటున్నాను, ఇలా ముడుచుకుని ఉన్న గదులు చూశాను. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా కారిడార్‌లో ఎవరైనా ఉన్నారేమోనని తలుపు సందులోంచి చూసి వెళ్లేవాళ్లు. ఒక ఆడపిల్లకు అలాంటి చోట ఉండమని సలహా ఇవ్వలేను.

సీనియర్లు ఎయిర్‌పోర్ట్‌కి రావాలి, అన్నం పెట్టాలి, రూమ్ చూడటానికి తోడు వెళ్లాలి. అది బంగారం లాంటి సాయం. కానీ ఆ గదిని నమ్ముకుని టికెట్ కొనకూడదు.

గార్షింగ్_రూమ్‌మేట్:
జరిమానా సంగతి సరే అక్కా, ఆ మాట వదిలేద్దాం. కానీ వారం రోజుల మజిలీగా సీనియర్ గది తప్పని నేను ఒప్పుకోను. అదీ వద్దంటే డబ్బులేని పిల్లలకు దారేది? హోటల్‌లో దిగే స్తోమత ఉన్నవాళ్లే రావాలా?

డాన్యూబ్_అక్క:
వారమంటే వారమే అయితే నాకు అభ్యంతరం లేదు. వారం అని చెప్పి సంక్రాంతి దాకా ఉండేవాళ్ల గురించే నా బాధ.

ఇసార్_ఒడ్డున:
తారీఖుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నాను. సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మొదటి ఆదివారం దాకా మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ జరుగుతుంది. ప్రపంచం నలుమూలల నుంచి లక్షల మంది వస్తారు. టూరిస్టులు దిగే హాస్టళ్లలో మంచాల రేట్లు రెండింతలు, మూడింతలవుతాయి, చాలాచోట్ల ఖాళీలే ఉండవు. మనవాళ్లు సరిగ్గా సెప్టెంబర్ చివరి వారంలోనే దిగుతారు! పైగా ఈ ఊళ్లో విద్యార్థులకు చోటు ముందే తక్కువ. ఫ్రైమాన్ వైపు ఉన్న పెద్ద విద్యార్థి నివాసంలో 2021 అగ్నిప్రమాదం తర్వాత కొన్ని భవనాలు మూతపడ్డాయి కూడా.

కాబట్టి వీసా తేదీ ఒప్పుకుంటే సెప్టెంబర్ మొదట్లోనే రావడం మేలు. లేదా మీ నాన్నగారు అన్నట్టు ఆగి, అక్టోబర్ రెండో వారంలో. మధ్యలో వద్దు.

చోటు కోసం ఒక సెమిస్టర్‌కి మాత్రమే ఇచ్చే గదులు చూడు. ఇంటర్న్‌షిప్‌కో, వేరే దేశంలో ఒక సెమిస్టర్ చదవడానికో వెళ్లే విద్యార్థులు తమ గదిని కొన్ని నెలలకు వేరేవాళ్లకు ఇస్తారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇవి బాగా వస్తాయి. అసలు యజమాని అనుమతి ఉందా అని అడుగు, అన్మెల్డుంగ్ కాగితం ఇస్తారా అని రాతపూర్వకంగా అడుగు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమను, కిటికీలోంచి వీధి కూడా. నువ్వు వెళ్లలేకపోతే సీనియర్‌ని పంపు. సీనియర్ల సాయం నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

మ్యూనిక్ పేరే పట్టుకుని కూర్చోకు. ఆగ్స్‌బుర్గ్, ఫ్రైజింగ్, లాండ్స్‌హూట్ లాంటి దగ్గరి ఊళ్లు కూడా చూడు. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ప్రాంతీయ రైళ్లకు చెల్లుతుంది. రోజూ గంట ప్రయాణమైనా సొంత తాళం, సొంత పోస్టు డబ్బా ఉంటాయి.

మున్నేరు_అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చదివాను. స్పెయిన్ ఆయనకు, మా సీనియర్ వచ్చి ఇల్లు చూశాకే డబ్బు అని రాశాను. ఆ తర్వాత జవాబు లేదు.

నాన్న ఒక మెట్టు దిగారు. శాశ్వత రూమ్ లేకపోయినా ఫర్వాలేదు, రిజిస్టర్ చేసుకోనిచ్చే చోటు మూడు నెలలకైనా ఉంటే టికెట్ కొందామన్నారు. ఆగ్స్‌బుర్గ్‌లో ఒక అమ్మాయి తన గది ఫిబ్రవరి దాకా ఇస్తానంటోంది. 420 యూరోలు, కరెంటు, హీటింగ్ కలిపి. కాగితం ఇస్తానంది. ఆదివారం సీనియర్ వెళ్లి చూస్తున్నారు. అది కుదిరితే వెంటనే బయల్దేరతాను. వీసా సెప్టెంబర్ 1 నుంచి ఉంది.

కృష్ణలంక_తండ్రి:
సంతోషం తల్లీ. అయినా నా మాట నాదే: అది కుదరకపోతే అక్టోబర్ దాకా ఆగు, ఉత్త చేతులతో బయల్దేరకు. కోర్సు ఆఫీసుకి ఆలస్యం గురించి ఇప్పుడే మెయిల్ పెట్టేయి, జవాబు చేతిలో ఉంటే మంచిది.

డాన్యూబ్_అక్క:
అంకుల్‌తో ఈ ఒక్క విషయంలో ఏకీభవిస్తాను. ఇంకొకటి, ఆగ్స్‌బుర్గ్‌లో ఉంటే అడ్రస్ నమోదు, నివాస అనుమతి రెండూ ఆగ్స్‌బుర్గ్ ఆఫీసుల్లోనే, మ్యూనిక్‌లో కాదు. అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు, గది ఖాయమైన రోజే ఆన్‌లైన్‌లో బుక్ చేసేయి. ఆదివారం మీ సీనియర్‌ని పోస్టు డబ్బా మీద ఆ అమ్మాయి పేరు ఉందో లేదో చూసి ఫొటో పంపమను.